డైస్ లేని పేజీలు: మా పాడ్‌కాస్ట్ కామిక్ డైరీ

1వ వారం

రెండేళ్ల పాటు ప్రతి ఆదివారం రాత్రి నలుగురం కూర్చుని డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథల ఆట ఆడాం. ఆడుతూనే రికార్డు చేసి పాడ్‌కాస్ట్‌గా పెట్టాం. అందులోని మొదటి కథను, అంటే మొదటి ఆరు ఎపిసోడ్లను, కామిక్ పుస్తకంగా తేవాలని ఈ వారం గట్టిగా అనుకున్నాం. స్క్రిప్టు నాది. బొమ్మలు వేసే అక్క మా ఆటలో ఎప్పుడూ కూర్చోలేదు, మొదటి ఎపిసోడ్ నుంచి వింటూ వచ్చిన శ్రోత. ఆమె బయటి మనిషి కావడం ఈ పనికి మేలని నా నమ్మకం. మాకు అలవాటైపోయి కనబడని లోటు ఆమెకు వెంటనే కనబడుతుంది.

ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒకరు డీఎం, అంటే డంజన్ మాస్టర్. లోకం, ఊళ్లు, రాక్షసులు, దారిలో ఎదురయ్యే మనుషులు, అంతా ఆయన నోటి మీదే నడుస్తుంది. మిగతావాళ్లది ఒక్కొక్కరిది ఒక్కో పాత్ర. "నేను గోడ ఎక్కుతాను" అని ఆటగాడు అంటాడు. ఎక్కగలిగాడా లేదా అన్నది 20 ముఖాల డైస్, అంటే పాచిక, తేలుస్తుంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్‌తో ఈ తరహా ఆట జనంలోకి వచ్చింది. మేం ఆడేది దాని ఐదో ఎడిషన్. మా పాత్రలు మూడు: దొంగ మిణుగురు, కత్తి పట్టే గండ్ర, నేను ఆడిన మంత్రగాడు శంఖుడు.

వారమంతా ఆడియోను కాగితం మీద పెట్టే పనే. మొత్తం ఏడు గంటల పైచిలుకు. మాటల్ని తనంతట తానే టెక్స్టుగా మార్చే సాఫ్ట్‌వేర్ పెట్టి చూశాను. ముగ్గురం ఒకేసారి మాట్లాడిన చోటల్లా అది చేతులెత్తేసింది. హెడ్‌ఫోన్లు తగిలించుకుని నేనే రాశాను. గంట ఆడియోకు ఐదారు గంటలు పట్టింది. మాటలతో పాటు నవ్వు ఎక్కడ వచ్చింది, ఎక్కడ ఎంతసేపు ఎవరూ మాట్లాడలేదు, డైస్ బల్ల మీద ఎప్పుడు దొర్లింది అన్నవి కూడా మార్జిన్‌లో టైమ్‌తో సహా రాసుకున్నాను. మాటల కంటే ఈ మార్జిన్ రాతలే ముఖ్యమేమో అనిపిస్తోంది.

3వ వారం

లెక్క తేలింది. రాతప్రతి 44,000 మాటలు. పుస్తకం 112 పేజీలు. ప్రెస్‌లో 16 పేజీలకు ఒక ఫారం కాబట్టి సరిగ్గా ఏడు ఫారాలు. పేజీకి ఎనభై తొంభై మాటలు దాటితే బెలూన్లు, అంటే మాటల బుడగలు, బొమ్మను మింగేస్తాయి. అంటే పుస్తకంలో పట్టేది మహా అయితే పదివేల మాటలు. ప్రతి ఐదు మాటల్లో నాలుగు పోవాలి.

కొన్ని తీసేయడం సులువే. గండ్ర ఒక గాబ్లిన్‌ను, అంటే పొట్టి రాక్షసిని, గొంతు పట్టుకుని పైకెత్తవచ్చా లేదా అని పన్నెండు నిమిషాలు రూల్స్ మీద వాదించుకున్నాం. అది మొత్తం పోయింది. పాడ్‌కాస్ట్‌లో ఆ వాదన వినడానికి సరదాగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ శ్రోత మాతో పాటు బల్ల దగ్గర కూర్చుంటాడు. పుస్తకం చదివేవాడు ఉండాల్సింది బల్ల దగ్గర కాదు, ఆ అడవిలో.

కష్టం యుద్ధాల దగ్గర వచ్చింది. గాబ్లిన్ల శిబిరం మీద దాడి ఆడియోలో 38 నిమిషాలు. ఐదో ఎడిషన్ నియమాల ప్రకారం ఒక రౌండు, అంటే అందరి వంతూ ఒకసారి, కథలో ఆరు సెకన్లు. మేం ఆడింది ఏడు రౌండ్లు. అంటే కథలో జరిగింది మొత్తం 42 సెకన్ల గొడవ! నేను మాత్రం తెలియకుండానే రౌండ్ల వరసలోనే ప్యానెళ్లు, అంటే పేజీలోని బొమ్మల గళ్లు, రాసుకుంటూ పోయాను. గండ్ర కొట్టాడు, గాబ్లిన్ కొట్టింది, మిణుగురు బాకు విసిరింది, నేను మంత్రం చదివాను. అక్క స్క్రిప్టు చదివి, "ఏంట్రా, వీళ్లు వంతులేసుకుని కొట్టుకుంటున్నారు?" అంది.

తిరగరాశాను. వరస పక్కన పెట్టి, ఎవరి కదలిక వల్ల ఇంకెవరికి దారి దొరికిందో అది మాత్రం పట్టుకున్నాను. గండ్ర డాలు ఎత్తాడు, దాని కింద నుంచి మిణుగురు దూరింది, ఆమె తన్నిన కాగడా వెలుగులో శంఖుడికి తన పుస్తకంలో పేజీ కనబడింది. పదహారు పేజీల దాడి ఆరు పేజీలయింది. ఆటలో మేం నిజంగా చేసిన పనులే అన్నీ, ఒక్కటీ కొత్తగా కల్పించలేదు.

4వ వారం

హక్కుల పని. ఇది ముందే చూసుకోకపోతే బొమ్మలన్నీ అయ్యాక గుండె ఆగుతుంది.

గాబ్లిన్లు, డ్రాగన్లు, ట్రోల్స్ పాత జానపద కథల సొత్తు, ఎవరైనా వాడుకోవచ్చు. పెద్ద కన్నుతో గాలిలో తేలే బిహోల్డర్ లాంటి రాక్షసులు అలా కాదు, అవి ఆ ఆట కోసం పుట్టించినవి. ఐదో ఎడిషన్ మూల నియమాల పత్రం, ఎస్‌ఆర్‌డీ 5.1 అంటారు, దాన్ని ఆ ఆటను ప్రచురించే సంస్థ విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ సీసీ బై 4.0 లైసెన్సు కింద పెట్టింది. దాంట్లో ఉన్నదాన్ని, వాళ్ల పేరు చెప్పే వాక్యం పుస్తకంలో వేసి, వాడుకోవచ్చు. ఆ పత్రంలో కొన్ని మంత్రాల పేర్లు కూడా మారి కనిపిస్తాయి. ఆట పుస్తకంలో ఫలానా మాంత్రికుడి పేరుతో ఉన్న హస్తం మంత్రం ఇక్కడ ఒట్టి 'ఆర్కేన్ హ్యాండ్'. నేను ఇంకో అడుగు ముందుకేసి మంత్రాలన్నిటికీ మన పేర్లే పెట్టేశాను. శంఖుడు చాచేది ఇప్పుడు 'మాయాహస్తం'.

ఆరో ఎపిసోడ్‌లో మా డీఎం అన్న గుహ చివర బిహోల్డర్‌నే పెట్టాడు. అది పుస్తకంలో ఉండకూడదు. అన్నను అడిగితే ఒక రాత్రి ఆలోచించి, "ఆ గుహలో పాత నుయ్యి ఉంది కదా, దాన్నే ప్రాణిని చేసేద్దాం. నీళ్లే కన్ను. అది రెప్ప వేస్తే నుయ్యి మూసుకుంటుంది" అన్నాడు. నూతికన్ను. ఆ మాట వినగానే నాకు ఒళ్లు జలదరించింది. ముందు ఆడినదాని కంటే ఇదే మా కథకు సొంతంగా కుదిరింది.

ఇంకోటి మా లోపలి సంగతి. ఎవరు ఆడిన పాత్ర వాళ్లదే అని ఒక పేజీ ఒప్పందం రాసి అందరం సంతకాలు పెట్టాం. మిణుగురును ఆడిన స్నేహితురాలు ఇప్పుడు మాతో ఆడటం లేదు, పాడ్‌కాస్ట్ మధ్యలోనే మానేసింది. ఆమెకు ఫోన్ చేయడానికి రెండు రోజులు వెనకాడాను. వెంటనే ఒప్పుకుంది. ఒక్కటే అడిగింది: "మిణుగురును ధైర్యవంతురాలిని చేయకండి. అది భయపడుతూనే దూకుతుంది. నేను ఆడింది అలాగే." ఆ మాట కాగితం మీద రాసి బల్ల ముందు గోడకు అంటించాను.

6వ వారం

ఈ వారం మొత్తం ఒకే ఒక్క పేజీ మీద పోయింది.

నాలుగో ఎపిసోడ్, 51వ నిమిషం. లోయ మీద తాడు. మిణుగురు దాని మీద నడిచి అవతలి ఒడ్డుకు చేరాలి. దొంగ పాత్ర కదా, తాళ్ల మీద నడక ఆమెకు నీళ్లు తాగినంత సులువు. డైస్ మీద పడిన అంకెకు ఆమె నైపుణ్యం 7 కలుస్తుంది. మొత్తం 10 వస్తే చాలు. పైగా గండ్ర ఈ చివర తాడు బిగించి పట్టుకున్నాడు కాబట్టి అడ్వాంటేజ్, అంటే రెండుసార్లు వేసి పెద్ద అంకె తీసుకోవచ్చు. మొదటిసారి 1 పడింది. అందరం నవ్వాం. రెండోసారి కూడా 1. ఎన్ని కలిపినా 8 దాటదు. రెండూ ఒకట్లే పడటం 400 సార్లలో ఒక్కసారి జరిగే సంగతి. ఆడియోలో అక్కడ నవ్వు సగంలో తెగిపోతుంది. ఎవరిదో కుర్చీ కిర్రుమంటుంది. తర్వాత డీఎం అన్న, గొంతు బాగా తగ్గించి: "తాడు అలాగే ఉంది. దాని మీద నువ్వు లేవు."

ఎన్నిసార్లు విన్నా నాకు అక్కడ ఊపిరి ఆగుతుంది. పాడ్‌కాస్ట్ విన్నవాళ్లంతా మాకు రాసింది ఆ నిమిషం గురించే.

స్క్రిప్టులో పెట్టాను. నడిచింది, జారింది, పడింది. చప్పగా ఉంది. అక్క బాగానే గీసింది, లోయ లోతు చూస్తే కళ్లు తిరుగుతాయి. అయినా చప్పగానే ఉంది. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది. ఆడియోలో శ్రోతకు అంకెలు తెలుసు. పడటం దాదాపు జరగని పని అని తెలుసు, అందుకే పడినప్పుడు గుండె జారింది. కామిక్ చదివేవాడికి ఆ లెక్క లేదు. వాడి దృష్టిలో ఆమెను రచయిత తోసేశాడు, అంతే.

అయితే డైస్‌నే బొమ్మలో చూపిస్తే? ఈ దారిలో నడిచినవాళ్లు ఉన్నారు. ముగ్గురు అన్నదమ్ములు, వాళ్ల నాన్న కలిసి ఇదే ఆట ఆడుతూ 2014లో మొదలుపెట్టిన 'ది అడ్వెంచర్ జోన్' పాడ్‌కాస్ట్ 2018లో గ్రాఫిక్ నవలగా వచ్చినప్పుడు డీఎం కూడా పేజీల్లో కనబడి పాత్రలతో మాట్లాడతాడు. వాళ్ల కథకు ప్రాణమే ఆ అన్నదమ్ముల మాటల సందడి, అక్కడ అది చక్కగా కుదిరింది. మేమూ మూడు పేజీలు అలా వేసి చూశాం. ప్యానెల్ మూలలో డైస్ కనబడిన ప్రతిసారీ లోయ లోతు మాయమైపోయింది. పాఠకుడి కన్ను అంకె మీదికి పోతోంది, మిణుగురు మీద నిలవట్లేదు. మూడు పేజీలూ తీసేశాం.

దారి ఆ తాడు మీద లేదు, దానికి ముందున్న పేజీల్లో ఉంది. పాఠకుడు తనకు తెలియకుండానే లెక్క కట్టుకునేలా చేయాలి. రాతప్రతి వెనక్కి తిప్పాను. మొదటి ఎపిసోడ్‌లో మిణుగురు ఇంటి కప్పుల మధ్య కట్టిన తాడు మీద నడిచింది, డైస్ మీద 17. మూడో ఎపిసోడ్‌లో వానలో పడవ తెరచాప తాడు పట్టుకుని పైకి ఎగబాకింది, డైస్ మీద 15. ఆడియోలో ఇవి ఒక్కోటి సగం వాక్యం. "సరే, దాటేశావు. తర్వాత?" అని అన్న ముందుకెళ్లిపోయాడు. ఆ సగం వాక్యాలకు ఇప్పుడు నిండు ప్యానెళ్లు ఇచ్చాను. 9వ పేజీలో ఆమె తాళంచెవుల గుత్తి వేలికి తిప్పుకుంటూ తాడు దాటుతుంది, కిందికి చూడను కూడా చూడదు. 22వ పేజీలో వాన, గాలి, అయినా పైనుంచి గండ్రతో మాట్లాడుతూనే ఉంటుంది. రెండు చోట్లా అక్క ఒక చిన్న పని చేసింది: తాడు మీద అడుగు పెట్టే ముందు ఆమె ఎడమ చేతి పిడికిలి బిగుసుకుని ఉంటుంది. గోడ మీది కాగితం అక్క కూడా చదివింది మరి.

లోయ పేజీ కూడా మారింది. అడ్వాంటేజ్ అంటే ఏమిటి? గండ్ర చేతులు. కాబట్టి మొదటి ప్యానెల్‌లో తాడును రెండు చుట్లు చుట్టుకున్న ఆయన పిడికిళ్లు, తెల్లబడిన కణుపులు. రెండుసార్లు 1 పడింది కాబట్టి జారడమూ రెండుసార్లే. మొదట కాలు జారుతుంది, చేత్తో తాడు పట్టుకుని వేలాడుతూ నవ్వుతుంది. మేం నవ్విన నవ్వు అది. తర్వాత ప్యానెల్‌లో చేయి. ఆ తర్వాత ప్యానెల్‌లో తాడు ఒక్కటే, కొద్దిగా ఊగుతూ. బెలూన్ ఒక్కటీ లేదు.

ఆదివారం రాత్రి ఈ రఫ్ అందరికీ పంపాను. మిణుగురును ఆడిన స్నేహితురాలు చాలాసేపటికి జవాబిచ్చింది. "నాకు ఆ డైస్ చప్పుడు మళ్లీ వినబడింది."

8వ వారం

డమ్మీ పుస్తకం చేశాం. పేజీలన్నీ అరచేతి సైజులో చిన్న బొమ్మలుగా గీసి, ప్రింటు తీసి, మడిచి స్టేప్లర్ కొట్టడమే. స్క్రీన్ మీద ఎన్నాళ్లు చూసినా తెలియనివి చేతిలో తిప్పితే నిమిషంలో తెలుస్తాయి.

మొదటి తిప్పులోనే దొరికింది. మిణుగురు పడే పేజీ 55, అంటే కుడి వైపు. 54, 55 ఎదురెదురుగా ఉంటాయి. 53 తిప్పగానే పాఠకుడి కన్ను ఖాళీ తాడు మీద పడిపోతుంది. 54లో ఆమె ఇంకా నడుస్తూనే ఉంటుంది, కానీ ఆ నడకకు విలువ పోయింది. ఇలాంటి ఘట్టం ఎప్పుడూ ఎడమ పేజీలో, తిప్పాకే కనబడాలి. పడే పేజీ 56 కావాలి.

చెప్పడానికి ఒక్క పేజీ జరపడమే. కానీ అక్కడ ఒక పేజీ పెంచితే ఆ తర్వాత ఎడమలన్నీ కుడులవుతాయి. నూతికన్ను రెప్ప తెరిచే పేజీ 98, అదీ తిప్పాకే కనబడాలి, అది 99కి పోతుంది. పైగా 112 దాటకూడదు. రెండిటి మధ్య ఎక్కడో ఒక పేజీ తగ్గించాలి. శంఖుడు తన గురువు గురించి చెప్పే రెండు పేజీల సంభాషణను ఒకటి చేశాను. అది నా సొంత పాత్ర, ఆటలో నేనెంతో ఇష్టంగా చెప్పిన మాటలు. మనసు గట్టి చేసుకున్నాను. లోయ ముందు పెరిగిన పేజీలో గండ్ర తాడు కట్టడం మాత్రమే ఉంది, నిదానంగా, ముడి మీద ముడి.

పాడ్‌కాస్ట్ ఎప్పుడూ వినని ఇద్దరికి డమ్మీ ఇచ్చి, పక్కన కూర్చుని వాళ్ల చేతులు చూశాను. 55 దగ్గర ఒకరు పేజీ కొస వేళ్ల మధ్య పట్టుకుని కాసేపు ఆగారు. తిప్పాక మళ్లీ వెనక్కి వచ్చి గండ్ర కట్టిన ముడిని చూశారు.

11వ వారం

లెటరింగ్, అంటే పేజీల్లో మాటలు వేయడం. తెలుగులో కామిక్ చేయాలనుకునే వాళ్లకు ఇది ఎవరైనా ముందే చెప్పాలి.

అడోబీ ఇన్‌డిజైన్ లాంటి లేఅవుట్ సాఫ్ట్‌వేర్‌లో పేరాగ్రాఫ్ సెట్టింగుల్లోకి వెళ్లి 'వరల్డ్ రెడీ కంపోజర్' ఎంచుకోవాలి. నేను ఎంచుకోనంతవరకు ఒత్తులన్నీ విడిపోయి అక్షరాల పక్కన పడ్డాయి. ఫాంట్ యూనికోడ్‌దే వాడండి, రేపు ఎవరైనా ఈ-బుక్ చేయాలన్నా, అక్షరం వెతకాలన్నా అప్పుడే వీలు. ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో ఉచితంగా దొరికే సిలికానాంధ్ర ఫాంట్లలో మాటలకు మండలి, అరుపులకు రామభద్ర తీసుకున్నాం. ఇంగ్లిష్ కామిక్స్‌లో లాగా పెద్దబడి (క్యాపిటల్) అక్షరాలు మనకు లేవు కాబట్టి గొంతు పెంచడం, తగ్గించడం ఫాంట్ మందంతోనే చూపాలి.

వరసల మధ్య ఖాళీ ఇంకో తలనొప్పి. మన అక్షరం పైకీ కిందికీ పెరుగుతుంది. శంఖుడి బెలూన్‌లో 'అస్త్రం' కింద ఉన్న తవత్తు, క్రావడి రెండూ కింది వరసలోని 'నీకీ' గుడిదీర్ఘాలకు గుద్దుకున్నాయి. 12 పాయింట్ల అక్షరానికి 17 పాయింట్ల వరస పెడితే గానీ ఊపిరాడలేదు. బెలూన్లన్నీ ఎత్తు పెరిగాయి. అందుకే కొన్ని చోట్ల మాటే మార్చాను. 'నిష్క్రమిద్దాం' అనే చోట 'పోదాం పద'. గండ్ర అసలు మాట్లాడేదీ అలాగే.

చప్పుళ్ల దగ్గర మాత్రం తెలుగు మనకు అడిగినంత ఇస్తుంది. మాయాహస్తం తలుపు పీకినప్పుడు ఫెళఫెళ, నూతిలో రాయి పడితే బుడుంగు, పడవ పక్కన నీళ్లు తపతప. ఇవి ఫాంట్‌తో వేయలేదు, అక్క కుంచెతో బొమ్మలోనే రాసింది. నాకు అన్నిటికంటే నచ్చింది మిణుగురు పడిపోతూ అరిచే "గండ్రా!" అనే మాట. ఆ దీర్ఘాన్ని అక్షరం పైనుంచి కిందికి వంచి, పేజీ అడుగు దాకా లాగింది. పోను పోను సన్నబడి చివరికి వెంట్రుకంత గీతవుతుంది. తాడు పేజీ పైన ఊగుతూనే ఉంటుంది, ఈ దీర్ఘం దాని పక్క నుంచే దిగుతుంది. చూసి కాసేపు నోట మాట రాలేదు.

14వ వారం

ఓబయ్య దగ్గరికి వచ్చాం. విన్నవాళ్లకు ఆయన ఎవరో చెప్పక్కర్లేదు.

లోయలో నది ఉంది. పడిన మిణుగురును ఒక ముసలి పడవవాడు నీళ్లలోంచి లాగుతాడు. డీఎం అన్న ముందుగా రాసుకున్న మనిషి కాదు ఆయన. అసలు ఆమె పడుతుందని ఎవరనుకున్నారు? పడవ, తెడ్డు, ముసలాయన, అన్నీ అప్పటికప్పుడు పుట్టాయి. ఒడ్డు చేరబోతుండగా మిణుగురు అడుగుతుంది: "నీ పేరేంటి తాతా?" నా మార్జిన్ రాతలో ఉంది: నాలుగు సెకన్లు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అన్న గొంతు, "...ఓబయ్య."

అన్నను అడిగాను. "పేరు తట్టలేదు, అంతే. వెతుక్కుంటున్నాను" అన్నాడు. కానీ విన్న మాకెవ్వరికీ అలా అనిపించలేదు. ఆ నాలుగు సెకన్లలో, ఏళ్ల తరబడి పేరు అడిగిన మనిషి లేని ముసలాయన ఒకడు కనబడ్డాడు మాకు. తర్వాత ఎపిసోడ్లలో అందరం ఆయన కోసమే ఆ నది దగ్గరికి తిరిగి తిరిగి వెళ్లాం.

నాలుగు సెకన్లు కాబట్టి నాలుగు ప్యానెళ్లు, పేజీ వెడల్పంతా, ఒకదాని కింద ఒకటి. తెడ్డు నీళ్లలో మునుగుతుంది. తెడ్డు పైకి లేస్తుంది, నీళ్లు కారతాయి. తెడ్డు గాలిలో ఆగిపోతుంది. నాలుగోదాంట్లో ఆయన మొహం మొదటిసారి మనవైపు తిరుగుతుంది. పేరు పేజీ తిప్పాకే. అక్క మూడో ప్యానెల్ ఐదుసార్లు గీసింది. తెడ్డు ఆగినట్టు ఉండాలి, బొమ్మలో ఎలాగూ అన్నీ ఆగే ఉంటాయి కదా. చివరికి తెడ్డు కొస నుంచి రాలిన ఒక్క చుక్కను, నీళ్లను ఇంకా తాకకముందు గీసింది. అప్పుడు ఆగింది తెడ్డు.

15వ వారం

ఇంకు 64వ పేజీ దాకా పూర్తి. రంగులు 40 దాకా. ఒక ఫారం టెస్టు ప్రింటు తీయించాం. అక్షరాల నలుపు నాలుగు రంగులు కలిపి వేసిన చోట అంచులు చెదిరాయి, కాబట్టి అక్షరాలన్నీ ఒట్టి నలుపు ఒక్కదానికే మార్చాలి. అంచు దాకా వెళ్లే బొమ్మలకు బ్లీడ్, అంటే కోతలో పోయే అదనపు అంచు, అంగుళంలో ఎనిమిదో వంతు వదిలాం, అది సరిపోయింది. దీర్ఘం చివర వెంట్రుకంత గీత ప్రింటులో తెగకుండా వచ్చింది, నా టెన్షన్ అంతా దాని గురించే.

వచ్చే వారం 65 నుంచి. నది ఒడ్డు, తడిసిన బట్టలతో మిణుగురు, పడవ వెనక్కి తిప్పుకుంటున్న ఓబయ్య. అక్కడ ఆమె అనే ఒక మాట రాతప్రతిలో నాకు సరిగా వినబడలేదు, తెడ్డు చప్పుడు కోసం అన్న బల్ల మీద కొడుతున్నాడు. ఆమెనే అడగాలి.